డాబాల మీద రేకులు వేసే సంస్థకు గూగుల్ ఉచిత సేవలు రెండు: ఎంతవరకు ఉపయోగం?

ఇంటి మీద రేకుల షెడ్డు వేయించుకోవాలనుకునేవారు తెలిసిన మేస్త్రీని అడగడం మానలేదు గానీ, ఆయన చెప్పిన పేరును ఒకసారి ఫోనులో వెతికి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వడం మాత్రం చాలామంది మానేశారు. విజయవాడ, గుంటూరు, ఏలూరు వంటి ఊళ్లలో ఈ వెతుకులాట ముఖ్యంగా రెండు సందర్భాల్లో జరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పై అంతస్తులో వేడి భరించలేక డాబా మీద నీడ కావాలనుకోవడం మొదటిది, తొలకరి వానలకు పాత సిమెంటు రేకుల సందుల్లోంచి ఇంట్లోకి నీళ్లు కారడం రెండవది. అప్పుడు చేతిలో ఉండేది మామూలు ఆండ్రాయిడ్ ఫోను, అందులో అంతంతమాత్రపు సిగ్నలు, తెరమీద నాలుగైదు సంస్థల పేర్లు. వాటిలో ఏ వెబ్‌సైట్ త్వరగా తెరుచుకుంటుంది, తెరుచుకున్నవాటిలో ఏది నమ్మదగినదిగా కనిపిస్తుంది అన్నదాన్ని బట్టి ఎవరికి ఫోను వెళ్లాలో తేలిపోతుంది. ఈ రెండు ప్రశ్నల విషయంలో గూగుల్ ఉచితంగా ఇచ్చే రెండు సేవలు, అంటే వెబ్‌సైట్ వేగాన్ని కొలిచే పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్, శోధనలోనూ మ్యాపులోనూ సంస్థ వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, రూఫింగ్ పని చేసే ఒక చిన్న సంస్థకు ఎంతవరకు పనికివస్తాయో పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం. చిన్న వ్యాపారాల వెబ్‌సైట్ల నిర్వహణ నా వృత్తి కావడంతో రెండింటితోనూ నాకు రోజూ పని ఉంటుంది.

ఈ రెండు సేవలకూ ఒకదానితో ఒకటికి సంబంధం లేనట్లే సాధారణంగా మాట్లాడుతుంటారు. ఒకటి సాంకేతిక నిపుణుల పనిముట్టు, రెండోది దుకాణం పేరు మ్యాపులో కనిపించేలా చేసే సౌకర్యం అన్నది వాడుకలో ఉన్న అభిప్రాయం. రూఫింగ్ వ్యాపారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండింటినీ కలిపే చూడాలి. దానికి కారణం ఫొటోలు. రేకుల పనివాడి మీద నమ్మకం కలగడానికి అతను వేసిన షెడ్ల ఫొటోల కంటే బలమైన ఆధారం మరొకటి లేదు. అదే సమయంలో అతని వెబ్‌సైట్‌ను నత్తనడక నడిపించేవి కూడా ఆ ఫొటోలే. వేగం పెంచడానికి వచ్చినవాడు ఫొటోలు తీసేయమంటాడు, ప్రచారం చేయడానికి వచ్చినవాడు ఇంకో యాభై పెట్టమంటాడు. ఇద్దరి మాటా పూర్తిగా వినకూడదు.

పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ వాడడానికి ఖాతా తెరవక్కర్లేదు, రుసుము కట్టక్కర్లేదు. వెబ్‌సైట్ చిరునామా ఇచ్చి మీట నొక్కితే కొద్దిసేపటిలోనే రెండు భాగాల నివేదిక వస్తుంది. పై భాగంలో ఉండేది నిజమైన సందర్శకుల అనుభవం. క్రోమ్ బ్రౌజరు వాడేవారి నుంచి గడచిన 28 రోజుల్లో పోగైన కొలతలు అందులో ఉంటాయి. కింది భాగంలో ఉండేది పరీక్ష కోసం చేసిన కొలత. లైట్‌హౌస్ అనే పరికరం ఒక మధ్యరకం ఆండ్రాయిడ్ ఫోనును, సెకనుకు 1.6 మెగాబిట్ల వేగం మాత్రమే ఉన్న 4జీ కనెక్షనును ఊహించుకుని, ఆ పరిస్థితిలో పేజీ ఎలా తెరుచుకుంటుందో లెక్కగట్టి 100కు ఇన్ని అని మార్కులు వేస్తుంది. 90కి చేరితే ఆకుపచ్చ, 50 నుంచి 89 వరకు నారింజ, అంతకు తగ్గితే ఎరుపు. ఇంత నెమ్మది కనెక్షను ఇప్పుడెక్కడుంది అని కొందరు డిజైనర్లు వాదిస్తారు. లిఫ్టు పక్కన మెట్ల మీద నిలబడో, ఊరి చివర కొత్త లేఅవుట్‌లో కట్టుకుంటున్న ఇంటి దగ్గరి నుంచో వెతికేవారి సంగతి తెలిసినవారు ఆ వాదన చేయరు.

రూఫింగ్ సంస్థ యజమాని ఈ నివేదికను తెరిచినప్పుడు పై భాగం ఖాళీగా కనిపించే అవకాశమే ఎక్కువ. తగినంతమంది సందర్శకులు లేని వెబ్‌సైట్లకు నిజమైన అనుభవపు కొలతలు గూగుల్ చూపించదు, ఒక జిల్లాకు పరిమితమైన వ్యాపారానికి అంతమంది రావడం కష్టం. అందువల్ల అలాంటి యజమానికి మిగిలేది కింది భాగపు మార్కులే. ఆ మార్కులు పరీక్ష పరీక్షకూ మారుతుంటాయి. ఏ మార్పూ చేయకుండా పది నిమిషాల తేడాలో రెండుసార్లు పరీక్షించినా వేర్వేరు అంకెలు రావడం సహజం కాబట్టి, కొన్నిసార్లు పరీక్షించి మధ్యస్థంగా ఉన్న అంకెను తీసుకోవడం మంచిది. ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. మొబైలుకు, డెస్క్‌టాప్‌కు మార్కులు వేరువేరుగా వస్తాయి, డెస్క్‌టాప్ మార్కులు దాదాపు ఎప్పుడూ ఎక్కువగానే ఉంటాయి. పని పూర్తయిందని చెబుతూ డిజైనరు వాట్సాప్‌లో పంపిన ఆకుపచ్చ వలయం ఏ ట్యాబ్‌లోదో చూసుకున్న తరువాతే మిగిలిన డబ్బు ఇవ్వాలి.

నివేదికలోని కొలతల్లో మూడింటిని గూగుల్ ప్రధానంగా పరిగణిస్తుంది. తెర మీది అతిపెద్ద బొమ్మ లేదా పాఠం కనిపించడానికి పట్టే సమయం 2.5 సెకన్లు దాటకూడదు. తాకినప్పుడు పేజీ స్పందించడానికి పట్టే సమయం 200 మిల్లీసెకన్లు దాటకూడదు. 2024 మార్చిలో పాత కొలతను తీసివేసి ఐఎన్‌పీ పేరుతో దీన్ని ప్రవేశపెట్టారు. తెరుచుకుంటున్న పేజీలో వస్తువులు అటూ ఇటూ కదలడాన్ని కొలిచే మూడో అంకె 0.1కి మించకూడదు. నాలుగు సందర్శనల్లో మూడింటికైనా ఈ హద్దులు అందితేనే వెబ్‌సైట్ పాసైనట్లు లెక్క. రూఫింగ్ వెబ్‌సైట్లలో రెండోదానితో పెద్ద ఇబ్బంది రాదు, ఎందుకంటే అక్కడ నొక్కడానికి ఫోను నంబరూ వాట్సాప్ గుర్తూ తప్ప పెద్దగా ఏమీ ఉండవు. మూడోది మాత్రం ఆ నంబరు దగ్గరే దెబ్బ తీస్తుంది. పైనున్న ఫొటోకు ఎంత చోటు కావాలో పేజీ కోడులో ముందుగా రాసి ఉంచకపోతే, ఫొటో ఆలస్యంగా వచ్చి కిందిదాన్నంతటినీ తోసేస్తుంది. "కాల్ చేయండి" అన్న మీట మీద వేలు పెట్టబోయిన మనిషి, అది కిందికి జారిపోవడంతో, దాని స్థానంలోకి వచ్చిన మరో లింకును నొక్కి ఎక్కడికో వెళ్లిపోతాడు. ప్రతి బొమ్మకూ వెడల్పు, ఎత్తు రాయడం అనే చిన్న పనితో ఈ ఇబ్బంది తొలగిపోతుంది.

అసలు సమస్య అంతా మొదటి కొలతలో ఉంటుంది. దాన్ని లెక్క వేసి చూస్తే గాని యజమానులకు నమ్మకం కుదరదు. షెడ్డు పని పూర్తయ్యాక సూపర్‌వైజరు తన ఫోనుతో తీసే ఫొటో సాధారణంగా 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది, దాని పరిమాణం నాలుగైదు మెగాబైట్లు. దాన్ని ఉన్నదున్నట్లు వెబ్‌సైట్‌లోకి ఎక్కిస్తారు. పేజ్‌స్పీడ్ ఊహించుకునే కనెక్షనులో సెకనుకు 1.6 మెగాబిట్లు, అంటే 0.2 మెగాబైట్లు మాత్రమే వస్తాయి; ఆ లెక్కన 5 మెగాబైట్ల ఫొటో ఒక్కటి దిగడానికే 25 సెకన్లు కావాలి. అదే ఫొటోను 1000 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలికపాటి బొమ్మల రూపంలోకి మార్చి, నాణ్యతను 75 దగ్గర ఉంచితే 120 కిలోబైట్ల చుట్టుపక్కలకు దిగుతుంది, అది 0.6 సెకన్లలో వచ్చేస్తుంది. ఫోను తెర మీద రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినా రేకు అంచులూ స్క్రూల వరుసా ఒకేలా కనిపిస్తాయి. ఈ మార్పు చేయడానికి కొనవలసిన సాఫ్ట్‌వేర్ కూడా ఏమీ లేదు. స్క్వూష్ అనే ఉచిత పనిముట్టు బ్రౌజరులోనే పనిచేస్తుంది. మధ్యలో ఉన్న గీతను అటూ ఇటూ జరుపుతూ పాత ఫొటోనూ కొత్త ఫొటోనూ పోల్చుకోవచ్చు. సంస్థలో కంప్యూటరు ముందు కూర్చునే అమ్మాయో అబ్బాయో ఒక మధ్యాహ్నం నేర్చుకుంటే తరువాత ఎవరి మీదా ఆధారపడనవసరం లేదు.

ఫొటోలు చిన్నవైన తరువాత మిగిలే అడ్డంకులు కొన్ని ఉంటాయి. వాటిలో ముందు చెప్పుకోవలసింది పేజీ పైభాగాన దానంతటదే మారుతూ ఉండే ఐదారు ఫొటోల స్లయిడరు. మూడో ఫొటో వచ్చేదాకా ఆగి చూసేవారు అరుదు, అయినా ఆ ఫొటోలన్నింటి బరువూ ప్రతి సందర్శకుడూ మోయవలసిందే. దాన్ని తీసేసి సంస్థ చేసిన పనుల్లో అత్యుత్తమమైన ఒక్క ఫొటోను నిలపడం మేలు. ఆ ఫొటోకు మాత్రం లేజీ లోడింగ్ పెట్టకూడదు. కింద ఉన్న ఫొటోలను అక్కడికి చేరినప్పుడే తెప్పించే ఆ పద్ధతి గ్యాలరీకి ఎంత ఉపయోగమో, మొట్టమొదట కనిపించవలసిన బొమ్మకు అంత హాని. వేగం పెంచుతామని చెప్పే కొన్ని ప్లగిన్లు (వెబ్‌సైట్‌కు జోడించుకునే చిన్న ప్రోగ్రాములు) విచక్షణ లేకుండా అన్ని బొమ్మలకూ దాన్ని తగిలిస్తాయి కాబట్టి పరీక్షించి చూసుకోవాలి. సంప్రదించే పేజీలో అతికించిన గూగుల్ మ్యాపు, నాలుగు వైపుల నుంచి తీసిన యూట్యూబ్ వీడియో కూడా బరువైనవే. వాటి స్థానంలో ఒక చిన్న బొమ్మ పెట్టి, నొక్కినప్పుడే అసలుది తెరుచుకునేలా చేయవచ్చు. తెలుగులో రాసిన వెబ్‌సైట్లకు ప్రత్యేకమైన బరువు ఇంకొకటి ఉంది. ఒత్తులు, గుణింతాల కారణంగా తెలుగు ఫాంటు ఫైళ్లు ఇంగ్లీషు ఫాంట్ల కంటే పెద్దవిగా ఉంటాయి. శీర్షికకు ఒకటి, పాఠానికి ఒకటి, మీటలకు ఒకటి చొప్పున మూడు ఫాంట్లు తెప్పించే బదులు ఒక్కదానితో సరిపెట్టుకుని, అది వచ్చేలోగా ఫోనులో ఉన్న ఫాంటుతోనే అక్షరాలు కనిపించేలా అమర్చుకోవాలి. సర్వరు విషయానికి వస్తే, తొలి స్పందనకు 0.8 సెకన్ల కంటే ఎక్కువ పడుతున్నప్పుడే వెబ్‌సైట్‌ను ఉంచే చోటును, అంటే హోస్టింగును, మార్చే ఆలోచన చేయాలి.

ఇవన్నీ చేశాక మార్కులు ఎనభైల్లోకి వస్తే అక్కడ ఆగిపోవచ్చునని నా అభిప్రాయం. నూటికి నూరు తెప్పిస్తామని చెప్పి విడిగా డబ్బు అడిగేవారు ఉన్నారు, వేగం పెరిగితే గూగుల్‌లో మొదటి స్థానం ఖాయమని హామీ ఇచ్చేవారూ ఉన్నారు. మొబైలు వేగాన్ని శోధన క్రమంలో లెక్కలోకి తీసుకోవడం 2018 జూలైలో మొదలైనమాట నిజమే, 2021లో పైన చెప్పిన తరహా కొలతలు అందులో చేరినమాటా నిజమే. కానీ 2018 మార్పు ప్రభావం బాగా నెమ్మదిగా ఉండే పేజీల మీదే ఉంటుందని గూగుల్ అప్పుడే చెప్పింది, అడిగినదానికి సరిపోయే సమాచారం ఉండడమే ముఖ్యమన్నది ఆ సంస్థ వైఖరి. 85 నుంచి 98కి వెళ్లడానికి పెట్టే ఖర్చుతో ఒక మంచి నేమ్‌బోర్డు రాయించుకోవడం రూఫింగ్ వ్యాపారికి ఎక్కువ లాభం.

పేజ్‌స్పీడ్‌కు ఉన్న అసలు పరిమితి ఏమిటంటే, ఫొటో ఎంత బరువుందో అది చెప్పగలదు గానీ ఆ ఫొటో ఎవరిదో చెప్పలేదు. తెలుగు ఊళ్లలోని రూఫింగ్ వెబ్‌సైట్లు పదింటిని తెరిచి చూస్తే, వాటిలో కొన్నింటి పైభాగాన పొగగొట్టంతో, ఏటవాలుగా, తారు పలకలు పరిచిన అమెరికా ఇంటి పైకప్పు కనిపిస్తుంది. ఉచిత ఫొటోల సైటు నుంచి తెచ్చిన ఆ బొమ్మ చక్కగా కుదించి ఉంటుంది, మార్కులు 95 వస్తాయి. సత్తెనపల్లిలో డాబా మీద షెడ్డు వేయించుకోవాలనుకునే మనిషికి ఆ బొమ్మ చెప్పేది ఒక్కటే: వీళ్ల దగ్గర చూపించుకోవడానికి సొంత పని లేదు. ఈ లోటును వేగపు పరీక్షలేవీ పట్టుకోలేవు. అందుకే రెండో సేవ అవసరం వస్తుంది.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ 2014లో గూగుల్ మై బిజినెస్ పేరుతో మొదలై 2021 నవంబరులో ఇప్పటి పేరు తెచ్చుకుంది. దీనికీ రుసుము లేదు. లిస్టింగు ధ్రువీకరణకు డబ్బు కట్టాలని ఎవరైనా ఫోను చేస్తే అది గూగుల్ నుంచి వచ్చిన ఫోను కాదని తెలుసుకోవాలి. దుకాణాలను దృష్టిలో పెట్టుకుని తయారైన సేవలా మొదట అనిపించినా, ఇంటింటికీ వెళ్లి పనిచేసేవారికి ఇందులో తగిన ఏర్పాటు ఉంది. ఇంటి నుంచో, చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు నుంచో నడిచే సంస్థ, కొనుగోలుదారులు అక్కడికి రానప్పుడు, చిరునామాను కనిపించకుండా పెట్టి పనిచేసే ప్రాంతాలను మాత్రమే చూపించాలి. అలా 20 ప్రాంతాల వరకు చేర్చవచ్చు. అయితే ఆ పరిధి సంస్థ ఉన్న చోటి నుంచి సుమారు రెండు గంటల ప్రయాణాన్ని మించకూడదన్నది నియమం. గుంటూరులో ఉంటూ శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా అన్ని జిల్లాలూ చేర్చినందువల్ల ప్రయోజనం లేదు. స్థానిక ఫలితాల్లో ఎవరు పైన రావాలన్నది వెతికిన మాటకు ఉన్న పొంతన, దూరం, పేరుప్రఖ్యాతులు అనే మూడింటి మీద ఆధారపడుతుంది, ప్రకటనలను మినహాయిస్తే డబ్బు కట్టి ఆ స్థానాన్ని కొనుక్కునే దారి లేదు.

పేరు దగ్గరే చాలామంది అడుగు తప్పుతారు. బోర్డు మీద ఏ పేరు ఉందో అదే ప్రొఫైల్‌లో ఉండాలి; దానికి తోకగా "బెస్ట్ రూఫింగ్ షెడ్స్ విజయవాడ గుంటూరు తక్కువ ధర" అని తగిలించడం నియమాలకు విరుద్ధం, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రొఫైల్ నిలిచిపోయే ప్రమాదం కూడా ఉంది. పోటీలో ఉన్నవారు అలా తగిలించి పైన కనిపిస్తున్నారన్న ఫిర్యాదులో నిజముంది, గూగుల్ పర్యవేక్షణ చాలకపోవడమే ఈ సేవకు ఉన్న పెద్ద లోపం. అయినప్పటికీ వెబ్‌సైట్ మీద, ప్రొఫైల్ మీద, కొటేషను కాగితం మీద, మెటీరియల్ తీసుకువెళ్లే ఆటో మీద ఒకే పేరు, ఒకే ఫోను నంబరు ఉండడం కొనుగోలుదారుడి దృష్టిలో ఎక్కువ విలువైనది. సంస్థ నిజంగా ఉందని గూగుల్ నిర్ధారించుకునే ధ్రువీకరణ పద్ధతి కూడా ఈ వ్యాపారానికి అనుకూలంగా మారింది. ఇప్పుడు చాలా సంస్థలను వీడియో తీసి పంపమని అడుగుతున్నారు. ఎక్కడా ఆపకుండా, ఎడిటింగు చేయకుండా, వీధి ఆనవాళ్లు, పనిముట్లు, తాళం తీసి లోపలికి వెళ్లడం వంటి, సంస్థ తమదేనని తెలిపే గుర్తులు చూపించాలి. వెల్డింగు మిషను, కటింగు మిషను, పైపుల దొంతర ఉన్న చోట ఈ వీడియో తీయడం ఏ కార్యాలయంలో కంటే తేలిక.

ప్రొఫైల్‌లో ఫొటోలు పెట్టుకునే వీలు ఉండడం ఈ సమీక్షలో మొదట చెప్పిన చిక్కుకు చాలావరకు పరిష్కారం. యాభై షెడ్ల ఫొటోలనూ వెబ్‌సైట్ మొదటి పేజీ మీద మోపనవసరం లేదు. ప్రతి పని పూర్తయ్యాక రెండు మూడు ఫొటోలు ప్రొఫైల్‌లో చేర్చి, వాటిలో చెప్పుకోదగ్గవాటిని మాత్రమే కుదించి వెబ్‌సైట్‌లో వివరంగా రాస్తే వేగమూ దెబ్బతినదు, ఆధారమూ నిలుస్తుంది. పూర్తయిన షెడ్డును వీధిలోంచి తీసిన ఫొటో ఒకటి అందరూ పెడతారు. నమ్మకం కలిగించేవి దగ్గరగా తీసినవి: రేకుల బరువు మోసే ఇనుప చట్రం, అంటే ట్రస్, అతుకు దగ్గర వెల్డింగు, దాని మీద తుప్పు పట్టకుండా వేసిన రెడ్ ఆక్సైడ్ పూత, గోడకూ రేకుకూ మధ్య నీరు దిగకుండా వేసిన ఫ్లాషింగు, స్క్రూ తల కింద నల్లటి రబ్బరు వాషరు. ఇంటివారి అనుమతి తీసుకుని, గేటు మీది పేరూ వాహనం నంబరూ కనిపించకుండా తీయడం మర్యాద.

ప్రొఫైల్ ఉంటే వెబ్‌సైట్ ఎందుకన్న ప్రశ్న తరచూ వస్తుంది. గతంలో ప్రొఫైల్ నుంచే ఉచితంగా చిన్న వెబ్‌సైట్ తయారుచేసుకునే సౌకర్యం ఉండేది, దాన్ని 2024 మార్చిలో ఆపేశారు. అదే ఏడాది జూలై 31తో ప్రొఫైల్‌లోని చాట్ సదుపాయం కూడా ముగిసింది. ఇతరుల స్థలంలో కట్టుకున్నది వాళ్లు తీసేయమన్నప్పుడు తీసేయవలసిందే. అంతకంటే ముఖ్యమైన కారణం, ప్రొఫైల్‌లోని పరిచయానికి 750 అక్షరాల హద్దు ఉంది, రేకుల పనిలో కొనుగోలుదారుడు తెలుసుకోవలసిన సంగతులు ఆ హద్దులో ఇమడవు. కలర్ షీటు మందం 0.50 మిల్లీమీటర్లని కొటేషనులో రాస్తారు. అది జింకు పూత, రంగు కలుపుకుని చెప్పిన మందమా, లోపలి ఉక్కు మందమా అన్నది రాయరు. ఒకే అంకె చెప్పిన ఇద్దరి ధరల మధ్య తేడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఏజెడ్ 150 అన్న గుర్తుకు అర్థం, రేకు రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 150 గ్రాముల అల్యూమినియం, జింకు మిశ్రమపు పూత ఉందని. గాలి సంగతి మరీ ముఖ్యం. భవనాల మీద గాలి ఒత్తిడిని లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విజయవాడ, విశాఖపట్నాలకు మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాదుకు 44 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దాటిన విశాఖలో రేకులు ఎలా ఎగిరిపోయాయో చూసిన కోస్తా ప్రజలకు, రేకులను బిగించే అడ్డ పైపుల (పర్లిన్ల) మధ్య ఎంత దూరం పెడతారు, అంచుల దగ్గర స్క్రూలు ఎంత దగ్గరగా వేస్తారు, ట్రస్ కాళ్లను స్లాబులోకి ఎలా బిగిస్తారు అన్న మూడు సంగతులు తేలిక తెలుగులో రాసిన ఒక పేజీ, "నాణ్యతే మా ధ్యేయం" అన్న వాక్యాన్ని వందసార్లు రాసినదానికంటే ఎక్కువ చెబుతుంది. ఇదంతా పాఠం కాబట్టి దానికి బరువు దాదాపు ఉండదు, పేజ్‌స్పీడ్ మార్కులు ఏమాత్రం తగ్గవు.

జీఎస్టీ నంబరును పేజీ అడుగున రాయడం కూడా అలాంటి బరువు లేని ఆధారమే. రిజిస్టరైన వ్యాపారి తన చోటి ముందున్న బోర్డు మీద ఆ నంబరు రాయాలన్నది ఎలాగూ నిబంధన. పదిహేను అక్షరాల ఆ నంబరు ఆంధ్రప్రదేశ్‌లో 37తో, తెలంగాణలో 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ కాకుండానే దాన్ని వెతికి, సంస్థ అసలు పేరు, ఎప్పుడు రిజిస్టరైంది, ఇంకా చెల్లుబాటులో ఉందా అన్నవి ఎవరైనా చూసుకోవచ్చు. ఇరవై ఏళ్ల అనుభవం అని బ్యానరు మీద రాసి, రిజిస్ట్రేషను నిరుడు తీసుకున్నవారు ఆ తేడాకు కారణాన్ని ముందే రాసి పెట్టుకుంటే మంచిది. అడిగేవారు అడుగుతారు.

రివ్యూల విషయంలో గూగుల్ నియమాలు స్పష్టంగానే ఉన్నాయి, వాటిని పాటించేవారే తక్కువ. రివ్యూ రాస్తే బిల్లులో తగ్గింపు ఇస్తామనడం నిషిద్ధం. సంతృప్తి చెందినవారిని మాత్రమే ఎంచుకుని లింకు పంపడం, అసంతృప్తి ఉన్నవారిని పక్కకు తప్పించడం కూడా నిషిద్ధమే. భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 పేరుతో ఆన్‌లైన్ రివ్యూల సేకరణకు, ప్రచురణకు ఒక ప్రమాణాన్ని తెచ్చింది, దాన్ని స్వచ్ఛంద ప్రమాణంగానే తెచ్చినా దాని దిశ కూడా అదే. రూఫింగ్ పనిలో రివ్యూ ఎప్పుడు అడగాలన్నది ఆలోచించదగిన విషయం. పని అయిన రోజు సాయంత్రం అడిగితే "బాగా చేశారు, సకాలంలో పూర్తిచేశారు" అన్న రెండు మాటలే వస్తాయి. ఒక పెద్ద వాన పడిన తరువాత ఫోను చేసి, ఎక్కడైనా కారుతోందా అండీ అని అడిగి, కారుతుంటే మనిషిని పంపి, ఆ తరువాత రివ్యూ లింకు పంపితే వచ్చే మాటల్లో ఆ ఇంటి ప్రాంతం, వాన, సందు దగ్గర చేసిన మరమ్మతు అన్నీ ఉంటాయి. చదివేవారు నమ్మేది అలాంటి రివ్యూనే. నక్షత్రాలు ఐదుకు ఐదూ ఉండి మాటలు ఒకే అచ్చులో పోసినట్లున్న ప్రొఫైల్ కంటే, ఒక ఫిర్యాదూ దాని కింద యజమాని ఇచ్చిన నిదానమైన జవాబూ ఉన్న ప్రొఫైల్‌కే నేను నా వాళ్లను పంపుతాను. అన్యాయమైన రివ్యూను తొలగించమని అడిగే వీలు ఉంది గానీ, నియమాలను ఉల్లంఘించినదైతే తప్ప, మనకు నచ్చలేదన్న కారణంతో గూగుల్ దాన్ని తీసివేయదు. అక్కడ వాదనకు దిగకుండా, పనికి సంబంధించిన వాస్తవాలు నాలుగు వాక్యాల్లో రాసి ఊరుకోవడమే దారి.

వ్యాపారుల డైరెక్టరీల్లో ఏడాది చందా కట్టాలా, ఈ ఉచిత సేవలతో సరిపెట్టుకోవాలా అన్నదానికి నా సమాధానం వ్యాపారపు పరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఫ్యాక్టరీ షెడ్లు, గోదాములు కట్టే పెద్ద సంస్థలకు డైరెక్టరీల్లో ఎంక్వైరీలు వస్తాయి. ఇళ్ల మీద షెడ్లు వేసే ఐదారుగురి బృందానికి, అదే ఎంక్వైరీ మరికొందరికీ చేరినప్పుడు, ధర తగ్గించుకోవడం తప్ప పోటీకి మరో దారి మిగలదు. వారు ముందుగా ప్రొఫైల్‌ను సరిదిద్దుకుని, తరువాత ఫొటోలను కుదించి, ఆ పైన డబ్బు మిగిలితే చందా సంగతి చూడాలి. రెండు సేవల్లో ఏది ముందన్న ప్రశ్న వస్తే నేను బిజినెస్ ప్రొఫైల్‌కే ఓటు వేస్తాను. పేజ్‌స్పీడ్‌తో పని ఒక వారంలో తేలిపోతుంది, వెబ్‌సైట్‌కు కొత్త రూపం (థీము) వేసినప్పుడో ఫొటోలు ఎక్కించినప్పుడో మళ్లీ చూస్తే చాలు. ప్రొఫైల్‌ను వ్యాపారం ఉన్నంతకాలం చూసుకోవలసిందే.

పని ఫలించిందా లేదా అన్నది కొలిచేందుకు పేజ్‌స్పీడ్ మార్కులను కాక, ప్రొఫైల్‌లోని పనితీరు నివేదికను చూడాలి. ఎంతమంది అక్కడి నుంచి ఫోను చేశారు, ఎంతమంది వెబ్‌సైట్‌కు వెళ్లారు, ఏయే మాటలతో వెతికినప్పుడు సంస్థ పేరు కనిపించింది అన్నవి అందులో నెలవారీగా ఉంటాయి. ఆ మాటల జాబితాను యజమాని స్వయంగా చదవడం మంచిది. అందులో "రేకుల షెడ్డు ఖర్చు" వంటి మాటలు మళ్లీ మళ్లీ కనిపిస్తూ, వెబ్‌సైట్‌లో ధర గురించి ఒక్క ముక్క కూడా లేకపోతే, చదరపు అడుగు ధర రేకు మందాన్ని బట్టి, పైపు సైజును బట్టి, డాబా ఎన్నో అంతస్తన్నదాన్ని బట్టి ఎలా మారుతుందో వివరించే తెలుగు పేజీ ఒకటి తయారుచేయించాలి. ఒక్కొక్కటీ 120 కిలోబైట్లు దాటని మూడు నాలుగు సొంత ఫొటోలు దానికి చాలు.